కలిసికట్టుగా కదిలిన పందికొక్కులు

కల్యాణమండపం పెరట్లో కట్టెల గుట్ట కింద మూడు పందికొక్కులు కాపురముండేవి: గవర్రాజు, అతని పెళ్ళాం మహలక్ష్మి, బావమరిది సింహాద్రి. "ఈ పెరట్లో బుర్ర పనిచేసేది మన కొంపలోనే" అని గవర్రాజు మీసాలు దువ్వుకునేవాడు. మిగతా ఇద్దరూ తలలూపేవాళ్ళు. అసలు తలలున్నది అందుకే అనుకునేవాళ్ళు.

ఆ ఏడు ముసురు పట్టి కలుగులోకి నీళ్ళొచ్చాయి. దాచుకున్న గింజలన్నీ కొట్టుకుపోయాయి. మహలక్ష్మి ఆకలికి గోడ సున్నం కూడా గీకి చూసింది.

"ఏమయ్యా, ఇంకో పూట ఇలాగే ఉంటే నేను పోతాను" అంది.

గవర్రాజు గబగబా కలుగులోంచి మూతి బయటపెట్టాడు. అంతలో వంటశాల నుంచి నేతి వాసన వచ్చింది.

"పెళ్ళి లడ్లు! ఒక్కళ్ళ వల్ల కాదు. కలిసికట్టుగా వెళ్దాం."

"కలవడం సరే. కట్టడం దేంతో బావా?" అన్నాడు సింహాద్రి.

గవర్రాజుకు ఆ సంగతే తట్టలేదు. అయినా తెలియదంటే పరువేం కాను? "అరటినారతో" అన్నాడు గంభీరంగా.

అంతే. మూడు తోకలూ నారతో ముడేసుకుని బయల్దేరారు. గుమ్మం దగ్గర గవర్రాజు ఇటు లాగాడు, సింహాద్రి అటు లాగాడు, మధ్యలో మహలక్ష్మి "నా తోకో!" అని మూలిగింది.

"తెగలేదు కదా, అదే ఐకమత్యం!" అన్నాడు గవర్రాజు.

లోపల వంటమేస్త్రి లడ్ల బల్ల పక్కన కూలబడి, వంటావిడతో చెబుతున్నాడు: "అక్కాయ్, పొద్దుట్నించీ ఏమీ తినలేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి."

గవర్రాజు ఆ బానపొట్ట వైపు చూశాడు. "మనవాళ్ళే! దారి తెలీక లోపల పరిగెడుతున్నారు!"

"పిల్లాజెల్లా కూడా ఉన్నారేమో" అని మహలక్ష్మి కళ్ళొత్తుకుంది.

"ఆకలి సంగతి తర్వాత. ముందు చుట్టాల్ని విడిపిద్దాం." భయపడుతూనే అన్నాడు, కానీ అన్నాడు.

ఇంకేముంది! ముగ్గురూ ఒకే దండగా మేస్త్రి పంచె పట్టుకుని పొట్ట మీదికి ఎగబాకారు.

"తలుపెక్కడ బావా?"

"అదిగో బొడ్డు! తట్టు!"

సింహాద్రి తట్టాడు. మేస్త్రి కెవ్వుమని ఎగిరాడు. బల్ల తిరగబడింది. లడ్లు దొర్లుకుంటూ పెరట్లో పడ్డాయి. మేస్త్రీ, వంటావిడా వీధిలోకి పరుగో పరుగు. కిందపడ్డ ముగ్గురూ లడ్ల వెంట పెరట్లోకి వచ్చారు.

"మరి చుట్టాలో?" అంది మహలక్ష్మి.

"తలుపు తట్టాం కదా, ఇక వాళ్ళే తీసుకుని వస్తారు" అన్నాడు గవర్రాజు.

ఆమె ఓ లడ్డూ ముందు నోరు తెరిచింది.

"ఆగవే! మేస్త్రీవాళ్ళు కర్రలతో వస్తారు. ముందు ఎవరి కంటా పడకుండా దాచాలి."

"ఎవరి కంటా అంటే, మన కంట కూడానా?" అన్నాడు సింహాద్రి.

గవర్రాజు తన కళ్ళు తడిమి చూసుకున్నాడు. "మనకు మాత్రం కళ్ళు లేవా?"

అంతే. ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని, లడ్లన్నీ మూతులతో తోసుకుంటూ పోయి, చల్లగా తగిలిన గుంటలోకి ఒక్కటీ మిగల్చకుండా జారవిడిచారు. అది మురుగుకాలవ. వాన నీళ్ళతో పరవళ్ళు తొక్కుతోంది.

కళ్ళు తెరిచి ఎంత వెతికినా ఒక్క లడ్డూ కనబడలేదు. మహలక్ష్మి బావురుమంది. గవర్రాజు ఆకలితో తూలుతూనే ఆమె భుజం తట్టాడు.

"పిచ్చిదానా, ఏడుస్తావేం? దాచిన మనకే దొరకలేదంటే, ఇంక దొంగలకేం దొరుకుతాయే!"