బియ్యం నిండుకున్నాయి

కేదార్‌కి మంత్రోపదేశం కావాలి. అడిగినప్పుడల్లా విశోకానంద స్వామి ఒకటే మాట అనేవారు.

"తీరిక దొరికినప్పుడు రా నాయనా."

తీరిక ఎక్కడ దొరుకుతుంది? భీమిలి దాటాక సముద్రం పక్కన గుట్ట మీద ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో పనికి కొదవ లేదు. అందులోనూ ఊళ్లో సూపర్‌మార్కెట్‌కి వెళ్లి సరుకులు తెచ్చే పని కేదార్ నెత్తిన పడింది. వెళ్తే సగం రోజు గల్లంతే.

కేదార్ తెలివైనవాడు. అమ్మానాన్నలది సిక్కోలే అయినా భిలాయ్‌లో పుట్టాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగాడు. పెద్ద గిడ్డంగిలో ఏ సరుకు ఏ దారిన పోవాలో లెక్క కట్టే ఉద్యోగం చేసి, అది వదిలేసి ఇక్కడికి వచ్చాడు. ఉద్యోగాన్ని అతను వదిలాడు కానీ లెక్కలు అతన్ని వదల్లేదు.

ఆ బుర్రంతా సూపర్‌మార్కెట్ మీద పెట్టాడు. ఆకలి మీద వెళ్తే కంటికి కనిపించిందల్లా బుట్టలో పడుతుందని, చద్దన్నం తినే బయల్దేరేవాడు. ఆదివారం జోలికి పోకుండా, మంగళవారం పొద్దున షట్టరు ఎత్తే వేళకి గుమ్మంలో ఉండేవాడు. ఖరీదైనవి కళ్లకు ఎదురుగా, చవకవి కాళ్ల దగ్గర పెడతారని కనిపెట్టి, వంగి కింది అరల్లోనే వెతికేవాడు. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న చోట ఆగి, అసలు ఆ మొదటిదైనా మనకి కావాలా అని తనను తానే నిలదీసుకునేవాడు. ప్యాకెట్ ధర కాదు, కిలోకి ఎంత పడుతుందో చూసేవాడు. నడిచిన వరసలో మళ్లీ అడుగు పెట్టకుండా ఉప్పు దగ్గర మునిగి సబ్బుల దగ్గర తేలేవాడు.

అతని హయాంలో ఆశ్రమంలో ఏ సరుకూ అడుగంటలేదు. డ్రమ్ములో బియ్యం సగానికి దిగీ దిగకముందే కొత్త బస్తా వచ్చేసేది. డబ్బు మిగిలింది, పొద్దూ మిగిలింది. కేదార్ కాస్త ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. ఆ వయసుకి అంత గర్వం అందంగానే ఉంటుంది లెండి.

ఒక శనివారం సాయంత్రం వెళ్లి స్వామి ముందు కూర్చున్నాడు. స్వామి అరుగు మీద చిరిగిన పంచెకి కుట్టు వేసుకుంటున్నారు.

"తీరిక దొరికింది స్వామీ."

"దొరికిందా! ఎలా?"

కేదార్ చెప్పాడు. చద్దన్నం దగ్గర నుంచి కిలో ధరల దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. స్వామి సూది ఆపి చిన్నపిల్లాడిలా విన్నారు. రెండు మూడు చోట్ల "అబ్బో!" అన్నారు, మనస్ఫూర్తిగానే.

"మరి ఆ దొరికిన తీరికలో ఏం చేస్తున్నావు?"

"ధ్యానానికి కూర్చుంటున్నాను."

"కుదురుతోందా?"

కేదార్‌కి అబద్ధం ఆడటం రాదు. అతనిలో స్వామికి అన్నిటికన్నా నచ్చింది అదే.

"కళ్లు మూసుకోగానే వచ్చేవారం సరుకులు గుర్తొస్తున్నాయి స్వామీ. ఏ వరసలోంచి వెళ్తే ఇంకాస్త త్వరగా తెముల్తుందా అని..."

స్వామి పకపకా నవ్వారు. "అంటే, మిగిల్చిన పొద్దంతా పట్టుకెళ్లి మళ్లీ ఆ కొట్టుకే ఇచ్చేసి వస్తున్నావన్నమాట!"

కేదార్ మొహం చిన్నబోయింది. అది చూసి స్వామి మనసు కరిగిపోయింది.

"సరేలే. రేపు సత్సంగం కదా, భోజనాలయ్యాక నీ సంగతి చూద్దాం. ఈలోగా వంటింట్లోకి ఏం కావాలో సన్యాసమ్మని కనుక్కో."

రేపే! కేదార్ ఒక్క పరుగున వంటింటికి వెళ్లాడు.

ఆశ్రమంలో వంట చేసే సన్యాసమ్మ పేరుకే సన్యాసమ్మ. కొడుకులు, కోడళ్లు, ఒక పొగరుమోతు గేదె, అందరి మీదా ఆవిడదే పెత్తనం. చీకటి పడకముందే గుట్ట కింద పల్లెలో ఇంటికి చేరాలని చెప్పులు వేసుకుంటోంది.

"సరుకులు ఎలా ఉన్నాయమ్మా?"

"మొన్న యాత్రలోలు వచ్చి తిన్నారు కదా బాబూ. బియ్యం నిండుకున్నాయి. కందిపప్పు కూడా నిండుకుంది."

కేదార్ ఆశ్చర్యపోయాడు. "అంతమంది తిన్నాక కూడానా!"

"అంతమంది తింటే నిండుకోవేటి మరి?"

ఎంత మాట! అన్నం పెట్టే ఇంట్లో గాదె తరగదని పెద్దలు ఊరికే అనలేదనుకున్నాడు కేదార్. అతనికి ఒళ్లు పులకరించింది.

"చాలా సంతోషం అమ్మా!"

సన్యాసమ్మ అతనికేసి వింతగా చూసింది. ఇందులో సంతోషించే ముక్క ఏముందో ఆవిడకి అంతుపట్టలేదు. సాధువులు కాబోయేవాళ్ల వరస ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని గుట్ట దిగి వెళ్లిపోయింది.

కేదార్ డ్రమ్ము మూత తీసి చూడలేదు. సూపర్‌మార్కెట్‌కి వెళ్లనూ లేదు. అసలు వెళ్లకపోవడాన్ని మించిన ఆదా ఇంకేముంది?

మర్నాడు పొద్దెక్కేసరికి జనం వచ్చేశారు. వేట ఆపుకుని వచ్చిన జాలర్లు, బడిపంతుళ్లు, చంకన పిల్లలతో తల్లులు. హాల్లో భజన ఊపందుకుంది. సన్యాసమ్మ పెద్ద గుండిగ పొయ్యి మీదికెక్కించి, ఎసరు మరిగాక కొట్టుగదిలోకి వెళ్లింది. వెళ్లినంత వేగంగానూ బయటికి వచ్చింది.

"బాబూ, బస్తాలు ఎక్కడ దించినావు?"

"ఏ బస్తాలమ్మా?"

"బియ్యం బస్తాలు!"

"నిండుకున్నాయన్నావు కదా!"

"అన్నాను కదా!"

"నిండుగా ఉంటే మళ్లీ తేవడం ఎందుకు?"

సన్యాసమ్మ అతని చెయ్యి పట్టుకుని కొట్టుగదిలోకి లాక్కుపోయి డ్రమ్ము మూత తీసింది. అడుగున గుప్పెడు తవుడు తప్ప ఒక్క గింజ లేదు.

"అయ్యో, అయిపోయాయని చెప్పొచ్చు కదమ్మా!"

"పొయ్యి కాడ నిలబడి ఆ మాటంటారేటి బాబూ? లచ్చిందేవి ఇనదా? మీ యమ్మ ఎప్పుడూ సెప్పనేదా నీకు?"

చెప్పలేదు. అమ్మ వంటింట్లో అతను ఉన్నది సెలవుల్లోనే. సెలవులకి కొడుకు వస్తున్నాడంటే ఆ తల్లి డబ్బాలన్నీ ముందే నింపి ఉంచేది. ఇక హాస్టల్ మెస్సులో ఆ మాట ఎవరంటారు?

బయట అంతమంది జనం, పసిపిల్లలు. పొయ్యి మీద ఎసరు కుతకుతా ఉడుకుతోంది. అదీ ఇవాళ, ఉపదేశం దొరకబోయే ఇవాళ!

గుమ్మంలో స్వామి నిలబడి ఉన్నారు. అంతా విన్నారని ఆయన మీసాల కింది నవ్వే చెబుతోంది.

"పద నాయనా, ఇద్దరం వెళ్లొద్దాం."

ఒక జాలరి ఆటో తీశాడు. ఆదివారం. సూపర్‌మార్కెట్ తిరనాళ్లలా ఉంది. ఉపదేశం హడావుడిలో పొద్దుటి నుంచీ కేదార్ ఏమీ తినలేదు. కింది అర చూడలేదు, కిలో ధర చూడలేదు. ఎదురుగా కనిపించిన బస్తాలు బండిలోకి ఎత్తుకుని, పప్పు వేసుకుని బిల్లు దగ్గరికి ఉరికాడు. వరస కొండచిలువలా మెలికలు తిరిగి ఉంది.

"ఏదైనా ఉపాయం ఉందేమో స్వామీ..."

"లేదు నాయనా. నిలబడటమే."

నిలబడ్డాడు. కాసేపు గిలగిల్లాడాడు. తర్వాత ఆ గిలగిల కూడా అలిసిపోయింది. ముందు తోపుడుబండిలో కూర్చున్న పసిపిల్ల స్వామి కాషాయం కొంగు పట్టుకుని వదలనంటోంది. పక్కన ఒక ముసలాయన పప్పు ప్యాకెట్‌ని ముక్కుకి ఆనించుకుని ధర చదువుకుంటున్నాడు, చదివి మళ్లీ అరలో పెట్టేస్తున్నాడు. ఇన్నిసార్లు వచ్చినా కేదార్ ఈ కొట్టులో మనుషుల్ని చూసింది ఇవాళే.

"కింది అరలో చూడండి తాతగారూ," అన్నాడు. ఆయన వంగలేకపోతుంటే తనే వెళ్లి తీసిచ్చాడు. "ఇదీ అదే పప్పు, చవక."

తిరిగి వచ్చేసరికి అతని చోటు అలాగే ఉంది. స్వామి పట్టి ఉంచారు.

ఆ రోజు భజన రెండింతలు సాగింది. భోజనాలు ఆలస్యమయ్యాయని ఒక్కరూ అనలేదు, ఆకలి మీద పప్పన్నం అమృతంలా ఉందన్నారు. కేదార్ ఆఖరి విస్తరి దాకా వడ్డించాడు. చివరికి గుండిగ అడుగున మిగిలిన మాడు స్వామీ అతనూ పంచుకుని తిన్నారు.

మిగిలిన బస్తా పొయ్యడానికి కేదార్ కొట్టుగదిలో డ్రమ్ము పడుకోబెట్టి, తల లోపలికి పెట్టి తుడుస్తున్నాడు. ఒళ్లంతా తవుడు. స్వామి వచ్చి పక్కనే బోర్లించిన గంప మీద కూర్చున్నారు.

"ఏం నాయనా, నీ దగ్గర ఇంకా ఉపాయాలేమైనా ఉన్నాయా?"

కేదార్ తుడవడం ఆపాడు. వెతికి చూసుకున్నాడు. వరసలు లేవు, ధరలు లేవు. రేపేం చెయ్యాలన్నది లేదు. ఉపదేశం అడగాలన్నది కూడా ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

"ఏమీ లే..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. పక్కనే పొయ్యి.

"నిండుకున్నాయి స్వామీ," అన్నాడు. డ్రమ్ములో ఆ మాట గుమ్మని మోగింది.

స్వామి కళ్లు చెమర్చాయి. గంప దగ్గరికి జరుపుకుని, అతను తల బయటికి పెట్టగానే దాని మీది తవుడు మెల్లగా దులిపారు.

"అయితే చెవి ఇలా తే," అన్నారు.