తమలపాకు తోటలో తొమ్మిది భూతాలు

అనగనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు, ఊరి నిండా తమలపాకు తోటలు. చందూ, కాలు నా మీద వేయకు, వేశావంటే కథ ఇక్కడే ఆగిపోతుంది. కుందనా, ఆ దుప్పటి నీ ఒక్కదానిదే కాదే తల్లీ, వాడికీ కాస్త వదులు. సరే. తమలపాకు తోట ఎలా ఉంటుందో తెలుసా మీకు? మీకెక్కడ తెలుస్తుంది, కిళ్ళీ కొట్లో తప్ప ఆకు మొహం చూడలేదు. అవిసె చెట్లు వరసగా నాటి, చెట్టుకో తీగ పాకిస్తారు. లోపలికి అడుగు పెడితే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, చెమ్మగా, పచ్చగా ఉంటుంది. ఆ ఊళ్ళో అన్నిటికన్నా మంచి తోట చుక్కమ్మది. ముప్ఫై ఏళ్ళు బిడ్డని పెంచినట్టు పెంచింది. రాజుగారి పళ్ళెంలోకి రోజూ ఆ తోట ఆకే వెళ్ళేది.

చుక్కమ్మకి ఒక కొడుకు, ఒక కోడలు. కొడుకు సంగతి వదిలేయండి, మంచివాడు, నోరు లేనివాడు, ఈ కథలో అతనికి పనేం లేదు. కోడలి పేరు పేరిందేవి. దానికో జబ్బు. దగ్గూ జ్వరమూ కాదు, చూసే జబ్బు. ఆకు కోయమంటే ఆకు తిప్పి అడుగున ఏముందో చూసేది. గోడకి సున్నం వేయమంటే గోడ మీద ఏం నడుస్తోందో చూసేది. అత్తగారి గంప నిండి పొంగుతుంటే ఈవిడ గంపలో ఇంకా అడుగు కనపడుతూ ఉండేది. నిన్ను ఏ పురుగుకో ఇచ్చి చెయ్యక నా కొడుక్కెందుకు చేశారే మీ వాళ్ళు, అని చుక్కమ్మ నెత్తి కొట్టుకునేది. పురుగుల సంబంధం ముందు రాలేదత్తమ్మా, అనేది ఇది. అదీ వరస.

ఊ కొడుతున్నారా, లేక గోడకి చెప్పుకుంటున్నానా?

ఒకరోజు ఏమైందంటే, నిండు సభ. పొరుగు రాజ్యం నుంచి దూతలొచ్చి కూర్చున్నారు. రాజుగారు దర్జాగా ఆకు తీసి, ఈనె గిల్లి, సున్నం రాయబోయాడు. ఆ ఆకు మీంచి శనగగింజంత ప్రాణి ఒకటి టక్కున ఎగిరి ఆయన ముక్కు మీద కూర్చుంది. కూర్చుని ఊరుకుందా, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. ఏడు యుద్ధాలు గెలిచిన మనిషి కెవ్వున అరిచి సింహాసనం మీంచి వెనక్కి పడ్డాడు. కిరీటం ఒక పక్కకి, పాదుకలు ఇంకో పక్కకి, సున్నం మీసానికి. సభలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది పాపం.

అరిచినందుకు సిగ్గు. సిగ్గులోంచి కోపం. కోపానికి కారణం కావాలి. కారణం చెప్పడానికి పండితుడు కావాలి. ఆస్థానంలో ఉన్నాడుగా ఒకాయన, గడప దాటని పండితుడు. పుట్టిన దగ్గర్నుంచీ తాటాకులు తప్ప చెట్టుకున్న ఆకు చూడని మనిషి. ఆయన దగ్గరో పెద్ద గ్రంథం. లోకంలో జీవాలన్నీ అయిదు రకాలని అందులో రాసుకున్నాడు. పాకేవి, ఎగిరేవి, ఈదేవి, దూకేవి, నేసేవి. అయిపోయింది, లోకాన్ని మూట కట్టేశాడు.

ఈ పురుగేమిటి పండితా అంటే, వల ఉందా అని అడిగాడట. లేదన్నారు. వల నేసేదే సాలీడు ప్రభూ, వల లేనిది సాలీడు కానేరదు, అన్నాడట. మరి దూకింది కదా అన్నారు. దూకేవి మూడే, కప్ప, మిడత, కుందేలు. ఇది కప్ప కాదు, మిడత కాదు, కుందేలు అసలే కాదు. గ్రంథంలో లేని ప్రాణి లోకంలో ఉండదు. లోకంలో ఉండనిది కంటికి కనపడిందంటే అది భూతం. ఇదీ ఆయన చెప్పిన తర్కం. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే. లేచి పది అడుగులు వేస్తే తోట ఉంది కదయ్యా, వెళ్ళి చూడొచ్చు కదయ్యా. చూడడు. చూస్తే పరువు పోతుంది.

భటులు తోటంతా గాలించి ఇలాంటివన్నీ పట్టి, చిల్లు మూతల దొన్నెల్లో తెచ్చారు. పండితుడు రెండు బారల దూరాన కూర్చుని ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని రాసుకుపోయాడు. ఆకు మీది పసుపుది ఆకుభూతం. ఆకు మీది నల్లది కాకిభూతం. ఆకు మీది బుల్లిది పిల్లభూతం. గోడ మీది గోధుమది గోడభూతం. గోడ మీది చారలది చారభూతం. బెరడు మీది బూడిదది బూడిదభూతం. ఎండుటాకులా ఉన్నది చెత్తభూతం. చీమలా ఉన్నది చీమభూతం. చీమని మోస్తున్న చీమలా ఉన్నది మోతభూతం. ఎన్నయ్యాయి? తొమ్మిది. తొమ్మిది భూతాలు కాపురం ఉంటున్న తోట రాజ్యానికి అరిష్టం, ఎల్లుండి పొద్దున్న తగలబెట్టాలి, అని తీర్పు.

చాటింపు విని చుక్కమ్మ గట్టు మీద కూలబడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తోట. కాలిపోతే మళ్ళీ అవిసెలు ఎదగాలి, తీగ పాకాలి, ఆకు రావాలి, ఈలోగా ఆ ఇంటి పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఏడవడానికి కూడా ఓపిక లేక, కోడలి మొహం చూసి, రోజూ వాటిని చూస్తావుగా, ఏవిటే అవి, చెప్పి చావు, అందిట. పేరిందేవికి ఏడుపు రాలేదు. విసుగొచ్చింది. తొమ్మిది భూతాలా, ఆ ముసలాయన ఒక్కదాన్ని ఒక్కసారి దగ్గరగా చూసుంటే బావుండేదత్తమ్మా, ఇంటిపేరు తెలిసిపోయేది, అంది. కొంగు దోపుకుని నడిచింది. వెనకే అత్తగారు, తిట్టుకుంటూ.

రాజుగారు కలుసుకోడానికి ఒప్పుకున్నాడు. ఎందుకంటారు? దయ అనుకున్నారా? రెండు రోజుల్నుంచి ఆకు లేక తల పగిలిపోతోంది ఆయనకి. రేపు సభలో చూపించు, అవి భూతాలు కాదని నా కళ్ళతో నేను చూస్తే తోట నీది, లేకపోతే నిప్పు నాది, అన్నాడట.

మర్నాడు సభ నిండింది. తొమ్మిది దొన్నెలూ వరసగా పెట్టారు. రాజు సింహాసనం మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. ఇటు పేరిందేవి, అటు పండితుడు.

పండితుడుగారూ, ఈ చీమభూతానికి కాళ్ళెన్ని, అని అడిగింది. ఆయన గ్రంథం తిరగేశాడు. అందులో కాదండీ, ఇందులో చూడండి, అని దొన్నె ముందుకు తోసింది. ఆయన వెనక్కి జరిగాడు. మంత్రిగారు లెక్కపెట్టాడు. ఆరూ, పైన ఊపుతున్న మీసాలు రెండూ, అన్నాడు. మీసాలు కాదు మంత్రిగారూ, అవీ కాళ్ళే. ముందుకాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లా ఊపుతోంది, ఎర్రచీమలు ఆకులు కుట్టి కట్టుకున్న గూళ్ళ పక్కనే దీని మకాం, చీమ అనుకుని పిట్టా కందిరీగా జోలికి రావు. కాళ్ళు ఎనిమిది. చీమకెక్కడైనా ఎనిమిది కాళ్ళుంటాయా? మోతభూతమంటారే, అది దీని మొగుడు. మోస్తున్నది చీమని కాదు, ఆ పొడుగుదంతా వాడి దవడే.

చుక్కమ్మ వెనక నుంచి, దవడ పొడుగు మొగుడు, వీడికెవరిచ్చారో పిల్లని, అని గొణిగిందిట. గొణక్కుండా ఉండలేదు ఆవిడ. నాకూ అదే జబ్బు, మీ తాతని అడగండి.

తర్వాత గోడ మీది రెండూ. గోధుమది ఆడది, చారలది మగది. గోడ మీద ఈగ వాలితే పిల్లిలా నక్కి నక్కి వెళ్ళి పడేది ఇవే. బెరడు మీది బూడిదది చూశారా, బెరడులో బెరడైపోతుంది, రొట్టెలా బల్లపరుపు ఒళ్ళు, పగుళ్ళలోకి దూరిపోతుంది. చెత్తభూతమంటారా, అది గడుసుది. ఎండుటాకు ముక్కలా ఊగుతూ వల సాలీళ్ళ వలలోకి వెళ్ళి, పురుగు పడ్డట్టు దారం లాగి, ఇంటివాడు రాగానే ఇంటివాణ్ణే తినేస్తుంది. సభలో పన్నులు వసూలు చేసే ఆయన ఒకడు ఎందుకో తల దించుకున్నాడట.

ఇక మిగిలింది ఆకు మీది మూడు. పసుపుదీ, నల్లదీ, బుల్లిదీ. పసుపుదానికీ నల్లదానికీ జన్మవైరం, ఎదురుపడితే చేతులెత్తి యుద్ధం చేస్తాయి, నేను కళ్ళారా చూసి రాశాను, అన్నాడు పండితుడు. ఆ మాట వినేసరికి పేరిందేవికి అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్ళారా చూశారు, బుర్రారా చూడలేదు, అంది. రెంటినీ ఒకే తమలపాకు మీద వదిలింది.

నల్లది ఆగింది. ముందు కాళ్ళు రెండూ పైకెత్తింది. ఇటు నాలుగడుగులు పక్కకి, అటు నాలుగడుగులు పక్కకి. ఒళ్ళు అదరడం, ఆగడం, మళ్ళీ అదరడం. పసుపుది కదలకుండా చూస్తోంది, నీ ఆట నచ్చితే సరే, నచ్చకపోతే ఫలహారం చేసేస్తానన్నట్టు. ఇది యుద్ధమా, ఇది పెళ్ళిచూపులు, అని అంతఃపురం తెర వెనక నుంచి రాణీగారు నవ్వేసింది. బుల్లిది ఈ రకం పిల్లే, ఎదిగే వరకూ రంగు తేలదు, అంది పేరిందేవి. అంటే మూడు భూతాలు కాదు ప్రభూ, ఒక సంసారం. లెక్కేసుకోండి. ఆకు సంసారం ఒకటి, గోడ సంసారం ఒకటి, చీమ వేషం సంసారం ఒకటి, బెరడుది ఒకటి, ఎండుటాకుది ఒకటి. తొమ్మిది కాదు, అయిదు రకాలు. అయిదింటిదీ ఇంటిపేరు ఒకటే.

ఏవిటి ఆ ఇంటిపేరు గుర్తు, అన్నాడు మంత్రి.

కళ్ళు, అంది పేరిందేవి. గోడ మీదైనా కళ్ళు ఎనిమిదే, ఆకు మీదైనా కళ్ళు ఎనిమిదే, చీమ వేషం వేసినా కళ్ళు ఎనిమిదే. ముందు వరసలో నాలుగు, అందులో నడిమి రెండూ దీపాల్లా పెద్దవి. మిగతావి పక్కలకీ వెనక్కీ. అంత చూపున్నవాడికి వలెందుకు? కూర్చుని కాచుకోడు, చూసి దూకుతాడు. అలాగని దారం లేదనుకోకండి. దూకే ముందు కాలికింద దారం అంటించి దూకుతాడు, గురి తప్పితే దాన్ని పట్టుకుని పైకొస్తాడు. ఆకు మడతలో దారంతోనే బుల్లి సంచీ కట్టుకుని పడుకుంటాడు. సాలీడే ప్రభూ, దూకుడువారి సాలీడు. మా తీగల రసం పీల్చే పురుగుల్ని తింటాడు, అందుకే మీకు చిల్లు లేని ఆకు వస్తోంది.

అంతా బాగుంది. కానీ రాజు మొహం పాలిపోయే ఉంది. పేరేదైతే నాకేం, అది నన్ను చూసింది, అన్నాడు చిన్న గొంతుతో. అదీ అసలు సంగతి. సభంతా తలలు దించుకుంది. రాజుకి భయం ఉందని పైకి అనుకునే ధైర్యం ఎవరికుంటుంది?

పేరిందేవి పసుపుదాన్ని అరచేతి మీదికి ఎక్కించుకుంది. మెట్లెక్కి సింహాసనం దగ్గరకి వెళ్ళింది. భటులు కత్తులు దూశారు. దీనికి మనిషిని చంపేంత విషం లేదు ప్రభూ, నలిపితే తప్ప కరవదు, నా చెయ్యే ముందు పెడుతున్నాను, మీరు చూడండి చాలు, అంది. అదేమో ఊరుకుంటుందా. ఆవిడ అరచేతి మీంచి టక్కున దూకి రాజుగారి చూపుడు వేలి ఉంగరం మీద వాలింది.

గుమ్మం దగ్గర చుక్కమ్మ కళ్ళు మూసేసుకుంది. ఆయన మళ్ళీ అరిచాడంటే తోట బూడిదే. కుందనా, గోళ్ళు కొరకకు.

ఆయన అరవలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మెల్లగా తల కుడికి తిప్పాడు. అది కూడా కుడికి తిరిగి చూసింది. ఎడమకి తిప్పాడు. అదీ ఎడమకే. ఒంచి చూశాడు, తల పైకెత్తి చూసింది. ఇంత చిన్న మొహానికి అంత పెద్ద కళ్ళేమిటమ్మా, అన్నాడు. నేనెంత పెద్దగా కనపడుతున్నానో దానికి, పాపం, అదే నన్ను చూసి బెదిరిందేమో ఆరోజు, అనుకున్నాడు. కాళ్ళు కిందకి దించి కూర్చున్నాడు. సింహాసనం మీద ఉన్నట్టు అప్పుడు కనపడ్డాడట మళ్ళీ.

నేను భయపడ్డాను, భయపడ్డానని ఒప్పుకోలేక తోటకి నిప్పు పెట్టబోయాను, అని నిండు సభలో చెప్పేశాడు. చెప్పాక ఒక ఆకు తెప్పించుకున్నాడు, రెండు వైపులా తిప్పి చూసి మరీ నోట్లో పెట్టుకున్నాడు.

పండితుడికేం శిక్ష వేశారంటారా? ఆరు నెలలు చుక్కమ్మ తోటలో ఆకు కోయమన్నారు. మొదటి వారం ఒకటే మూలుగు. రెండో వారం ఆకు తిప్పి చూడ్డం మొదలెట్టాడు. మూడో వారానికి ఆయన గంపలోనూ అడుగు కనపడుతోంది. ఇద్దరయ్యారే నా ప్రాణానికి, అని చుక్కమ్మ తిడుతూనే ఇద్దరికీ వేడిగా అన్నం పెట్టేది. గడువు తీరాక కూడా ఆయన వెళ్ళలేదట. గ్రంథం కొత్తగా రాసుకుంటున్నాడు, ఈసారి మోకాళ్ళ మీద కూర్చుని. పేరిందేవి పక్కన నిలబడి తప్పులు దిద్దేది, విసుక్కుంటూనే.

వినండి. పేరు తెలియకపోతే తప్పు లేదు, లోకంలో సగం నాకూ తెలియదు. కానీ దగ్గరకెళ్ళి చూడకుండా పేరు పెట్టేవాణ్ణి మాత్రం నమ్మకండి, వాడు పండితుడైనా సరే, వాడు మీరే అయినా సరే.

అంతే. కథ కంచి బండెక్కేసింది, మీరు కళ్ళు మూసుకోండి. మళ్ళీ ఒకటి చెప్పమన్నవాడికి రేపు పెరుగన్నంలో ఆవకాయ లేదు.