ఉప్పలయ్య నల్లగాజు

ఎర్రగాజు ఎవ్వరికి? ఏడో నెల తల్లికి.
పచ్చగాజు ఎవ్వరికి? పసుపాడిన పిల్లకి.
నల్లగాజు ఎవ్వరికి...

అక్కడ పాట ఆగిపోతుంది. చిన్నప్పుడు ఈరమ్మ తోటి పిల్లలతో చేతులు పట్టుకుని తిరుగుతూ పాడిన పాట ఇది. మూడో గాజు ఎవరిదో మాత్రం ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

ఎప్పటి మాటో చెప్పలేం. నడిచి పోగలిగినంత దూరమే లోకం అనుకునే రోజులు. అప్పుడు ఒక గాజులగూడెం ఉండేది. గూడెంలో పన్నెండు కొలుములు. పన్నెండోది ఉప్పలయ్యది. ఈరమ్మ అతని భార్య.

ఉప్పలయ్య పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా లేవడు. గోచీ బిగించి, మంటకు ఎదురుగా గొంతుకూర్చుని, కరిగిన గాజును చువ్వతో తీసి మట్టి అచ్చు మీద తిప్పుతాడు. గాజు గుండ్రంగా సాగుతుంది. దాన్ని వెచ్చని బూడిదలో పడుకోబెడతాడు. మెల్లగా చల్లారితేనే గాజు నిలుస్తుంది.

కొలిమి వేడి ఎంత తగిలితే మగవాడికి అంత మంచిదని ఆ గూడెం నమ్మకం. పెళ్లి కుదిరిన వాణ్ణి నెల రోజులు మంటకు ఇంకా దగ్గరగా కూర్చోబెట్టేవాళ్లు. ఉప్పలయ్యను తల్లి కనకవ్వ ముద్దుకొద్దీ మూడు నెలలు కూర్చోబెట్టింది.

పెళ్లయి ఎనిమిదేళ్లు గడిచాయి. ఉప్పలయ్య చేసిన ఎర్రగాజులు చుట్టుపక్కల ఎందరి సీమంతాల్లోనో గలగలలాడాయి. ఈరమ్మ కడుపు పండలేదు.

మొదట ఆమె చేత నలభై రోజులు తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లించారు. ఒళ్లంతా గీరుకుపోయింది. ఉప్పలయ్య చూశాడు. ఏమీ అనలేదు. కొలిమి వైపు తిరిగి కూర్చున్నాడు.

తర్వాత ఏవో వేళ్లు నూరి తాగించారు. మూడు రోజులు కక్కుతూనే ఉంది. ఉప్పలయ్య చూశాడు. ఏమీ అనలేదు. కొలిమి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇనుప చువ్వ కాల్చి బొడ్డు కింద వాత పెట్టారు. ఆ చువ్వ ఉప్పలయ్య కొలిమిలోనే ఎర్రబడింది. అయినా ఉప్పలయ్య ఏమీ అనలేదు. కొలిమి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఒకనాడు బియ్యం ఏరుతూ కనకవ్వ అంది: "ఈరమ్మా, పున్నమి తెల్లారి బండొస్తది. మీ అవ్వగారింటికి పో. వాడికి నా తమ్ముని బిడ్డను మాట్లాడిన."

"అత్తా, నేనేం చేసిన?"

"ఏం చెయ్యలేదు బిడ్డా. అదే గదా బాధ."

పున్నమికి తొమ్మిది రోజులుంది. ఈరమ్మకు ముద్ద దిగలేదు. బండి చక్రం చప్పుడు విన్నప్పుడల్లా గడప దాకా వచ్చి చూసేది. మరునాడు నీళ్లకని చెప్పి, వాగు దాటి మంత్రసాని తుంగవ్వ దగ్గరికి పోయింది. నూరు కాన్పులు చేసిన చెయ్యి తుంగవ్వది.

తుంగవ్వ ఆమె పొట్ట తడిమింది. వాత చూసి తల కొట్టుకుంది. "నెల నెలా సరిగ్గనే అయితున్నవా?"

"అయితున్న."

"నీలో నాకేం లోటు కనిపిస్తలేదు. ఇగ నీ మొగన్ని చూడాలె."

ఈరమ్మ చెవులు మూసుకుంది. "అట్లనకు పెద్దమ్మా. ఆయన మంచిగనే ఉంటడు."

తుంగవ్వ నవ్వింది. "ఉంటడే, ఎవరు కాదన్నరు? ఆలితోని ఉండే సత్తువ వేరు, బిడ్డను నిలిపే బలం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఆ రెండోది సల్లగుంటేనే బతుకుతది. అందుకే దేవుడు దాన్ని ఒంటి బయట పెట్టిండు. మీరేమో దాన్ని తీస్కపోయి కొలిమి ముంగట పెడ్తరు. పోయి వాణ్ణి తోలుకరా."

తోలుకరావడం ఎట్లా? ఈ మాట మగవాడితో ఎట్లా అనడం?

మొదటిసారి అన్నం పెడుతూ నోరు తెరిచింది. కనకవ్వ వచ్చింది. నోరు మూసుకుంది. రెండోసారి కట్టెలు అందిస్తూ మొదలుపెట్టింది. "ఇగో, నీతోని ఒక మాట" అంది. "కట్టె తడిగుంది" అన్నాడతను. మాట అక్కడే ఆగింది. మూడోసారి పున్నమి నాడే. ఇక దాచుకోవడానికి రోజులు మిగల్లేదు. తుంగవ్వ చెప్పిందంతా చెప్పేసింది.

ఉప్పలయ్య చేతిలో చువ్వ ఆగింది. "అంటే నన్ను గాజులు తొడుక్కొని కూసోమంటవా?"

చేతగాని మగవాణ్ణి అనే మాట అది. గాజులు చేసేవాడి నోట వినడానికి మరీ ఘోరంగా ఉంది.

"నేనట్ల అనలే" అంది ఈరమ్మ.

అతను కొలిమి వైపు తిరిగి కూర్చున్నాడు. కానీ ఆ రోజు మంట చూసుకోలేదు. బూడిద వెచ్చబెట్టలేదు.

పున్నమి తెల్లారింది. బండి వచ్చింది. ఈరమ్మ రెండు చీరలు మూట కట్టుకుని గడపలో నిలబడింది. గూడెం పెద్ద రామక్కయ్య వచ్చాడు, వెనకే గూడెం జనం. ఆలిని పంపాలంటే పెద్ద ఉండాలి. ఉప్పలయ్య కొలిమి ముందే కూర్చున్నాడు. రామక్కయ్య పక్కన కూర్చోబోతూ నిన్నటి బూడిదలోంచి ఒక గాజు తీశాడు. చేతిలోనే రెండైంది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మూడోదీ అంతే.

గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. గాజు పగిలితే తొడుక్కున్న చేతిని అనరాదు. మంట పెట్టినవాణ్ణి ముందు అడగాలి. రామక్కయ్య ఆ ప్రకారమే అడిగాడు: "ఎవరి మంట ఇది?"

"నాదే" అన్నాడు ఉప్పలయ్య.

మళ్లీ కొలిమి వైపు తిరిగాడు. ఈరమ్మ గడప దిగింది. బండివాడు ఎద్దుల్ని అదిలించాడు.

అప్పుడు ఉప్పలయ్య లేచాడు. కొలిమికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎనిమిదేళ్లలో తన కోసం అతను కొలిమి నుంచి ఇటు తిరగడం ఈరమ్మ చూడటం అదే మొదటిసారి.

"పెద్దయ్యా, గాజు పగిలితే నన్నడిగినవు. బిడ్డ పుట్టకుంటే దీన్నే అడిగిన్రు. మూడుసార్లు అడిగిన్రు. ఒక్కసారన్న నన్నడగలే."

"ఏం మాట్లాడుతున్నవురా?" అంది కనకవ్వ.

"పద్దెనిమిదేళ్లప్పుడు గవదబిళ్లలొచ్చి, కింద వాచి నెల పండుకున్న. నీకు యాది లేదా అవ్వా? నాకుంది. ఎనిమిదేండ్ల సంది నాకు అనుమానమే. చెప్పే ధైర్యం లేకపాయె."

బూడిదలో పగలకుండా మిగిలిన గాజు ఒకటే దొరికింది. నల్లది. దాన్ని తన ముంజేతికి తొడుక్కున్నాడు. ఆడవాళ్ల కొలతది కావడంతో చెయ్యి గీరుకుని నెత్తురొచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఉప్పలయ్య ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. నవ్వు ఆగిపోయింది.

"బండి తిప్పుకో" అన్నాడు రామక్కయ్య బండివాడితో.

ఇద్దరూ కలిసి వాగు దాటారు. ఉప్పలయ్య ముందు నడిచాడు.

తుంగవ్వ అంతా విని అంది: "గవదలు కొంత తిన్నయి. కొలిమి కొంత తిన్నది. ఎంత మిగిలిందో నేను చెప్పలేను. మంట ముంగట్నుంచి లెవ్వు. గోచీ వదులు చెయ్యి. కల్లు మానెయ్యి. కింద నరాలు ఉబ్బినట్టుంటే పట్నం వైద్యునికి సూపించు. కొత్త బలం ఊరాలంటే మూడు నెలలన్న పడ్తది, తొందరపడకు. అయితే కావొచ్చు, కాకుంటే లేదు. కాకుంటే తల్లి లేని పసికందులు నా చేతుల మీద ఎందరో. ఒకరిని సాదుకో. అదీ బిడ్డే."

"నా తప్పేనా పెద్దమ్మా?"

"జబ్బొచ్చుడు తప్పెట్లయితది? దీన్ని వాతలు పెడ్తుంటే ఊకున్నవు సూడు, అది తప్పు."

ఉప్పలయ్య కొలిమి వదిలేశాడు. గాజుల మలారం భుజానేసుకుని ఊరూరా అమ్మాడు. ఈరమ్మ కూడా నడిచింది. నెలలు లెక్కపెట్టుకుంటూ, భయపడుతూ, మళ్లీ లెక్కపెట్టుకుంటూ.

రెండేళ్లకు వాళ్ల ఇంట్లో ఒక ఆడపిల్ల పారాడింది. ఈరమ్మే కన్నదని కొందరు చెబుతారు. తుంగవ్వ చేతుల మీదుగా వచ్చిందని కొందరు చెబుతారు. ఎవరు చెప్పినా ఆ పిల్ల ఉప్పలయ్యనే నాయనా అని పిలిచింది. కనకవ్వ ఒళ్లోనే పెరిగింది.

ఇప్పుడు ఆ గూడెంలో పెళ్లికొడుకును మంట దగ్గర కూర్చోబెట్టరు. పిల్లలు ఆలస్యమైతే మగవాడు చేతికి నల్లగాజు వేసుకుని, వైద్యుని దగ్గరికి భార్యకంటే ముందు నడుస్తాడు. ఎవరూ నవ్వరు. పిల్లలు పాట పూర్తిగా పాడతారు. నల్లగాజు ఎవ్వరికి? నిజం చెప్పిన చేతికి.

ఇంకొకటి ఉంది. అన్ని ఊళ్లలో మగడు పోతే ఆలి గాజులు పగలగొట్టేవాళ్లు. ఆ గూడెంలో పగలగొట్టరు. పోయినవాడి చేతికి ఒక నల్లగాజు తొడిగి, దాన్ని పగలగొడతారు. అది ఉప్పలయ్యతోనే మొదలైంది. ముసలితనంలో, కడపటి రోజున, మాట సన్నబడిపోయాక, అతను ఈరమ్మ చెయ్యి పట్టుకుని ఆమె గాజులు ఒక్కొక్కటే తడిమాడు.

"నాదే పగలగొట్టుమను ఈరమ్మా. నీవి ముట్టొద్దను."