సుంకులమ్మ కల్లుముంత

ఊ కొట్టండి, చెప్తా. ఊ కొట్టకుంటే నోరు మూసుకుంటా, నాకేం పోయింది?

అనగనగా ఓ కాలం. రైలింజనును చూసి జనం టెంకాయ కొట్టి దండం పెట్టిన కాలం. కొత్తగా వేసిన రైలుపట్టా పక్కనే ఈతవనం. వనం అంచున ఈడిగ సుంకులమ్మ కల్లుపాక. మొగుడు పోయినా ఆమె పాక మూయలేదు. పాక ముందర వాసం నాటి, దాని మీద సున్నం పూసిన ముంత పెట్టేది. ముంత నిలువుగా ఉంటే కల్లుంది. బోర్లా ఉంటే కల్లు అయిపోయింది. "సుంకులమ్మ ముంత అబద్ధమాడదు" అని ఏడూళ్లూ అనుకునేవి. ఆమెకున్న ఆస్తల్లా ఆ మాటొక్కటే.

ఆ దారిన రోజుకొక్కటే రైలు. స్టేషను లేదు, గీషను లేదు. కానీ రైలు తోలే డ్రైవరు దొరకు ఈతకల్లంటే ప్రాణం. ముంత నిలువుగా కనబడితే రైలాపి, దిగి, తాగి, మీసం తుడుచుకొని పోయేవాడు. బోర్లా ఉంటే కూత వేసుకుంటా పోయేవాడు. ఇంకేముంది! రైలెక్కాల్సిన ప్రతివాడూ పాక దగ్గరే చేరినాడు.

"సుంకులమ్మా, రైలెప్పుడొస్తాది?"

"రైలు నాది కాదు. కల్లు నాది."

పొద్దున్నే అదే మాట. మిట్టమధ్యాన్నం అదే మాట. మొగం కడుక్కుంటా ఉన్నా అదే మాట.

"నా ప్రాణం తోడేస్తా ఉండారు గదరా! నేను చచ్చినాక గూడా వచ్చి అడుగుతారు మీరు!" అని నెత్తి కొట్టుకునేది.

ఒక ఏడు వానలు లేవు. ఈతచెట్లు కల్లియ్యలేదు. ఉన్న కాస్తా పొద్దున్నే అయిపోయేది. రైలొచ్చే యాళకు ముంత బోర్లా. రైలు ఆగేది కాదు.

శెనక్కాయల సెట్టి వచ్చినాడు. "సంతకు పోవాల. ఆ ముంత కాస్త తిప్పమ్మా."

"కల్లు లేదు, తిప్పను. రైలు నాది కాదు, కల్లు నాది."

రైలు పోయింది. సెట్టి తిట్టుకుంటా నడిచినాడు.

పెద్దరెడ్డి వచ్చినాడు. "కోర్టులో వాయిదా ఉంది. ముంత తిప్పు!"

"వాయిదా నీది, ముంత నాది. తిప్పను రెడ్డీ. రైలు నాది కాదు, కల్లు నాది."

రైలు పోయింది. రెడ్డి పండ్లు కొరుక్కుంటా నిలబడినాడు.

మూడోతూరి కుమ్మరి పుల్లమ్మ వచ్చింది. కూతుర్ని మంచం మీద మోయించుకొని వచ్చింది. రెండు దినాలుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. టౌను ఆసుపత్రికి పోతే బతుకుతుంది, లేకుంటే లేదు. పుల్లమ్మ బోర్లా ఉన్న ముంతను చూసింది. ఏమీ అడక్కుండా కూలబడిపోయింది.

సుంకులమ్మకు ఒళ్లు మండింది. "ఊరంతా నా నెత్తి తింటారు, నువ్వు అడగవేమే?"

"నీ ముంత అబద్ధమాడదు గదక్కా. ఏమని అడిగేది?"

"నీ నోరు పడ!" అనింది సుంకులమ్మ. పుల్లమ్మను తిట్టింది, రైలును తిట్టింది, పట్టా వేసినోళ్లను ఏడు తరాలు తిట్టింది. తిడతానే వాసమెక్కి, వట్టి ముంతను నిలబెట్టింది. దిగి కండ్లు తుడుచుకుంది.

రైలాగింది. దొర నవ్వుకుంటా దిగినాడు.

"కల్లేది?"

"లేదు."

"ముంత నిలబెట్టినావే!"

"ఈపొద్దు కల్లు నాది కాదు. రైలు నాది. ఈ పిల్లనెక్కించుకో."

దొర మొగం జేవురించింది. మంచం వైపు చూసినాడు. వంగి మంచం కోడొకటి పట్టుకున్నాడు.

తల్లీబిడ్డా బతికినారు. దొర మాత్రం మూడు దినాలు అలిగినాడు. ఆయన కోసం కల్లు దాచి ముంత నిలబెట్టినా ఆగలేదు, కల్లంతా పులిసిపోయింది. సుంకులమ్మ తిట్టని తిట్టు లేదు. నాలుగోనాడు ఆగినాడు. అప్పట్నుంచి ముంత ఎట్లున్నా ఆగినాడు. బోర్లా ముంత కింద ఎవరి ప్రాణముందో ఎవరికి తెలుసు అన్నాడంట.

తర్వాత సుంకులమ్మా పోయింది, పాకా పోయింది. అక్కడ స్టేషను లేచింది. వాసం మాత్రం ఉంది. దాని మీద ముంతను ఏటేటా కుమ్మరోళ్లు మారుస్తారు, నిలువుగానే పెడతారు. కాన్పుకు పోయే ఆడపిల్ల దాన్ని తాకి రైలెక్కుతుంది.

రైలు ఆలస్యమైందా, ఇంక చూడండి. స్టేషను మాస్టరును ఒక్కడూ అడగడు. అందరూ ఆ ముంత వైపు తిరిగి, "సుంకులమ్మా, రైలెప్పుడొస్తాదమ్మా?" అంటారు.

చచ్చినాక గూడా వదల్లేదు చూడండి! అయినా ఎవర్నడుగుతారు మరి? రైలు నాదని ఆమే చెప్పిందాయె.