బల్బు మీద వేలిముద్ర

ఓబులేసు జీపు తాళాలు తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టాడు.

నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమానికి ఉన్నది ఒక్కటే జీపు. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా ఓబులేసే ఘాటు రోడ్డు దిగి ఆస్పత్రికి చేర్చాలి.

"ఇంక నేను తోలలేను సామీ. ఇంకెవరినన్నా పెట్టుకోండి."

"ఏమైంది నాయనా?"

"కుడిపక్క లైటు మళ్లీ పోయింది. ఎన్ని బల్బులు మార్చినా నిలవడంలేదు. నిన్న మలుపులో లోయ అంచు కానరాలేదు. బండిలో నెలలు నిండిన మనిషి ఉంది." అతను తన అరచెయ్యి చూసుకున్నాడు. "నా చెయ్యి మంచిది కాదు సామీ. పుట్టగానే నాయనను మింగినానని మా అవ్వ అంటాండె. పెండ్లిండ్లలో నన్ను పందిరి గుంజ కూడా ముట్టనీరు."

పాపం, మీసాలు నెరుస్తున్నా ఆ మాట అతన్ని వదల్లేదు.

ఓబులేసు బల్బు మార్చడం స్వామి ఇదివరకే చూశారు. అట్టపెట్టెలోంచి తీసి, గాజును వేళ్లతో పట్టుకుని, కళ్లకద్దుకుని, అప్పుడు బిగిస్తాడు. భయం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువసేపు అద్దుకుంటున్నాడు.

"అయితే ఈసారి నేను వేస్తాను. నా చెయ్యి మంచిదేనా?"

"అదేం మాట సామీ. మీరు నెత్తిన చెయ్యి పెడితే చాలని యాడాడి నుంచో వస్తాండారు."

స్వామి కొత్త బల్బు తీసుకుని, గాజును బొటనవేలితో బాగా నొక్కిపట్టి, నెమ్మదిగా బిగించారు. ఓబులేసు దణ్ణం పెట్టి తాళాలు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దుగూకాక పిలుపొస్తే స్వామి కూడా పెద్ద టార్చిలైటు పట్టుకుని పక్క సీట్లో కూర్చునేవారు. ఎందుకో అతను అడగలేదు.

వారం పదిరోజులకే అదీ మాడిపోయింది.

ఓబులేసు దాన్ని ఊడదీసి తెచ్చాడు. ఎలా చెప్పాలో తెలియక స్వామి ముందు పెట్టి తలొంచుకున్నాడు. గాజు మీద ఒకచోట తెల్లగా పొక్కినట్టు మచ్చ ఉంది. స్వామి తన బొటనవేలు దానిమీద ఆనించారు. సరిగ్గా సరిపోయింది.

"ఇది హాలోజన్ బల్బు. వేళ్ల జిడ్డు అంటితే, వెలిగినప్పటి వేడికి ఈ గాజు ఓర్చుకోలేదు. ఎవరి వేళ్లయినా అంతే."

ఓబులేసు ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్లు నిండాయి.

స్వామి తన పైబట్ట కొంగు అతని చేతికిచ్చారు. "దీంతో పట్టుకుని నువ్వే వెయ్యి."

ఓబులేసు ఇంకో బల్బును ఆ బట్టతో తీశాడు. అలవాటుగా కళ్ల దాకా తెచ్చి, సగంలో ఆగిపోయాడు.

"కళ్లకద్దుకోవాలనుంటే," అన్నారు స్వామి, "ఇంతమందిని కొండ దించిన నీ చేతిని అద్దుకో నాయనా."