‘నాకే’ అన్న చేటల సలోమి

అనగనగా, మరీ అనగనగా. మీ తాత పుట్టలేదు, ఆ తాతకి పేరు పెట్టిన తాత కూడా పుట్టలేదు. నల్లగుట్ట కింద ముప్పై గడపల గూడెం ఒకటుండేది. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు గోడకి ఆనుకోండి. నేను మాత్రం మధ్యలో ఆపను.

ఆ గూడేనికి తాటాకులు కప్పిన ప్రార్థన ఇల్లు ఒకటి. అందులో ఎర్రగుడ్డలో చుట్టిన పెద్ద గ్రంథం ఒకటి. ఆ గ్రంథం చదవగలిగిన మనిషి గూడెం మొత్తానికీ ఒక్కడే, పెద్ద రైతు జక్కరయ్య. పాదిరిగారు ఏడాదికి మూడుసార్లు ఎడ్లబండి మీద వచ్చి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి ఇచ్చి పోయేవారు. మిగతా ఆదివారాలన్నీ జక్కరయ్యే చదివేవాడు. చదివితే గుట్ట అవతల మేకల కాపరికి కూడా వినపడేది.

జనం కూడా తక్కువోళ్లు కాదు. చెవులు రిక్కించి మరీ వినేవాళ్లు. ఎందుకనుకున్నారు? ఎవరికి అంటగట్టాలా అని! బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూనే పంపకాలు మొదలు. “ఇయ్యాల వాక్యం మా తోటికోడలి కోసమే రాసినట్టుంది” అని ఒకామె. “మా బావకి మాత్రం చెంప ఛెళ్లుమనుంటది” అని ఒకాయన. “పడమటింటోళ్లు వినాల్సిన మాట, పాపం ఇయ్యాలే రాలేదు” అని ఇంకొకామె. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఆ గూడెం నిండా గురివింద గింజలే.

ఒక్క సలోమి తప్ప.

సలోమికి మొగుడు పోయాడు, పిల్లలు లేరు, జానెడు నేల లేదు. ఉన్నదల్లా ఒక చేట. ఇళ్లల్లో జొన్నలు చెరిగేది. కోతలయ్యాక కళ్లాల్లో తూర్పారబట్టేది. గాలివాటున చేట ఎత్తి దులిపితే గట్టి గింజ కాళ్ల దగ్గర పడేది, తాలు ఎగిరి అవతల పడేది. గట్టి గింజ రైతుది, తాలు సలోమిది. కూలి అదే. తాలులో దొరికిన నాలుగు గింజలూ ఏరుకుని అంబలి కాచుకునేది.

ఆమెకి అక్షరం ముక్క రాదు. కానీ వాక్యం చదవడం అయిపోగానే గుండె మీద చెయ్యేసుకుని, తనకి తప్ప ఎవరికీ వినపడకుండా, “నాకే” అనేది.

పక్కన కూర్చునే ఏసోబు ఒకసారి పట్టేశాడు. ఈ ఏసోబుది జక్కరయ్య చేను పక్కనే చేను. వరసకి బావా బావమరుదులు, ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

“ఏందత్తా, ఏ వాక్యం చదివినా నాకే అంటావు?” అనడిగాడు.

“మరి దేవుడంతటోడు పిలుస్తుంటే ఎవరో ఒకరు పలకాలి గదయ్యా. మీరంతా పక్కోళ్ల మొహాలు చూస్తా కూసుంటిరి. నాకు సిగ్గేసింది. నేను పలికా” అంది సలోమి.

ఒక ఆదివారం జక్కరయ్య పగ పెట్టుకున్నవాళ్ల గురించి చదివాడు. కానుక అక్కడే వదిలేసి, ముందు పోయి రాజీపడి రమ్మన్న వాక్యం. చదువుతూ ఏసోబు వైపు చూశాడు. ఏసోబు జక్కరయ్య వైపు చూశాడు. సలోమి “నాకే” అంది. ఆ సాయంత్రం వదిన ఇంటికి పోయింది. రోలు దగ్గర మొదలైన తగువు, మూడేళ్లుగా మాటల్లేవు. “తప్పు నాదే వదినా” అంది. వదిన ముందు తలుపేసింది, తర్వాత తీసింది, తర్వాత ఏడ్చింది.

రెండో ఆదివారం నాలుక గురించి. ఇంతుండి అంత ఊరినీ తగలబెడుతుందన్న వాక్యం. “నాకే” అంది సలోమి. తెల్లారి బావి దగ్గర నలుగురి ముందూ నిలబడి, “నా కోడిపెట్టని హన్నమ్మ కోసుకు తినిందని నేనేగా చెప్పింది? అబద్ధం. గుట్ట మీది నక్క ఎత్తుకుపోయింది. నేను చూశా కూడా” అంది.

ఆమె “నాకే” సంగతి ఏసోబు నోట అప్పటికే గూడెమంతా పాకింది, బావి దగ్గరోళ్లు పడీపడీ నవ్వారు. “పంక్తిలో గారెలు వడ్డిస్తున్నట్టు ప్రతిదీ ఈమెకే కావాలంట!” అన్నారు. నవ్వనీ. ఆమెకేం పోయింది?

మూడో ఆదివారానికి మాత్రం నవ్వు పోయి ఏడుపు వచ్చింది.

ప్రార్థన ఇంట్లో ఒక మూల వెదురు గుమ్మి ఉండేది. కోత పండక్కి అందరూ తెచ్చి పోసిన జొన్నల్లో మేలైనవి ఆ గుమ్మిలో విత్తనానికి దాచేవాళ్లు. తొలకరి ముందు, విత్తనం లేని పేదవాళ్లు తట్ట పట్టుకుని వరసలో నిలబడి తీసుకునేవాళ్లు. ఆ ఏడు గుమ్మి తెరిచి చూస్తే ఏముంది? మూడు తట్టల విత్తనం తక్కువ! గూడెం గుప్పుమంది. “ఎవరు? ఎవరు?” అంటే “వాడే, వాడే” అని ప్రతివాడూ పక్కవాడి వైపే చెయ్యి చూపాడు.

“దొంగెవరో వాక్యమే తేలుస్తుంది” అన్నాడు జక్కరయ్య. ఆ ఆదివారం ఏరికోరి ఒక వాక్యం తీశాడు. దొంగిలించేవాడు ఇక మానుకుని, తన చేతులతో కష్టపడి, లేనివాడికి పెట్టాలన్న వాక్యం. చదివి, ఏసోబు మొహంలోకి చూశాడు. గూడెమంతా ఏసోబు మొహంలోకే చూసింది. ఏసోబుకి చెమటలు పట్టాయి.

“నాకే.”

ఎప్పుడూ ఎవరికీ వినపడని మాట ఆ రోజు అందరికీ వినపడింది.

“ఓహో! గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుందిరోయ్!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది.

“విత్తనం నేను తియ్యలేదయ్యా” అంది సలోమి.

“నాకే అన్నావుగా?”

“వాక్యం నాకే. విత్తనం మాత్రం నేను తియ్యలా.”

“అదెట్టా కుదురుద్ది? దొంగతనం వాక్యం నీదైతే దొంగతనమూ నీదే!”

జక్కరయ్య గ్రంథం ఎర్రగుడ్డలో చుడుతూ, ఎవరి మొహమూ చూడకుండా, పెద్దమనుషుల తీర్పు చెప్పాడు. మూడు వారాల్లో పాదిరిగారు వస్తారు. ఆలోగా మూడు తట్టలూ తెచ్చి గుమ్మిలో పొయ్యాలి. పొయ్యకపోతే సలోమికి ప్రభువు బల్ల లేదు, గూడెంలో చోటు లేదు. అప్పటిదాకా ఎవరూ ఆమెని చెరగడానికి పిలవకూడదు.

సలోమికి ఆ గూడెం తప్ప ఇంకో ఊరు తెలియదు. ఆ బల్ల తప్ప ఆమెని సరిసమానంగా కూర్చోబెట్టిన చోటు ఇంకోటి లేదు. మూడు తట్టల విత్తనం ఎక్కణ్ణించి తెస్తుంది?

మొదటి వారం ఎవరూ పిలవలేదు. రెండో వారం పొయ్యి వెలగలేదు. వదిన మాత్రం అంబలి ముంత తెచ్చి గడప మీద పెట్టి పోయేది. మూడో వారం సలోమి చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఆలోచించింది. “పొరపాటున నోరు జారానయ్యగారూ, ఆ వాక్యం నాది కాదు” అంటే చాలు. పాదిరిగారు నమ్ముతారు. కానీ ఆ మాట ఆమెకి నోట్లోంచి రాదు.

ఎందుకు రాదో చెబుతా వినండి. గాలి ఊపుగా ఉన్నప్పుడు చేట కాస్త విసురుగా దులిపితే, గట్టి గింజ కూడా ఎగిరి తాలులో పడుతుంది. గట్టి గింజ రైతుది, తాలు సలోమిది. ఏటా, ప్రతి కళ్లంలోనూ, మూడంటే మూడు విసుర్లు. చూసేవాళ్లు గాలి ఎక్కువైందనుకునేవాళ్లు. ఆకలికే చేసింది, అయినా చేసింది చేసిందే. చేసిన దొంగతనానికి ఏ ఒక్కరూ పట్టుకోలేదు, చెయ్యని దానికి అందరూ పట్టుకున్నారు. నిజం చెబితే జన్మలో ఏ రైతూ కళ్లానికి పిలవడు. చెప్పకపోతే దేవుడికి మొహం చూపలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది, పాపం.

పాదిరిగారి బండి రానే వచ్చింది. ముసలాయన దిగీ దిగకముందే పదిమందీ చుట్టూ మూగి, తలా ఒక ముక్క అందుకుని సంగతంతా చెప్పేశారు. ఆయన నుదురు తుడుచుకుని, “ముందు నన్ను మంచినీళ్లు తాగనివ్వండర్రా” అన్నారు. తాగారు. లోపలికొచ్చి కూర్చున్నారు.

“జక్కరయ్యా, ఆ రోజు చదివిన వాక్యమే మళ్లీ చదువు” అన్నారు.

జక్కరయ్య చదివాడు. ఈసారి మేకల కాపరికి కాదు గదా, వెనక వరసకే సరిగా వినపడలేదు.

సలోమి లేచి నిలబడింది. గుండె మీద చెయ్యేసుకుంది. “నాకే” అంది.

“ఏం తీశావు తల్లీ?”

చెప్పేసింది. గాలి సంగతి, విసురు సంగతి, మూడు విసుర్ల సంగతి, ఏ కళ్లాన్నీ వదలకుండా మొత్తం చెప్పేసింది. ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. “ఆరినీ! మా కళ్లంలో ఎప్పుడూ గాలి ఎక్కువేంటా అనుకునేవాణ్ణి!” అన్నాడొక ముసలాయన, పైకే.

సలోమి తన చేట తెచ్చి పాదిరిగారి కాళ్ల దగ్గర పెట్టింది. “ఇంక నన్నెవరూ కళ్లానికి పిలవరు. పిలవమని నేను అడగనూ అడగను. బల్ల దగ్గర నా చోటు మాత్రం తీసెయ్యమాకండయ్యా” అని కూలబడింది.

అప్పుడు ఏసోబు లేచి నిలబడ్డాడు.

“నాకే” అన్నాడు.

“నువ్వేం తీశావయ్యా?”

“నాగలి తోలినప్పుడల్లా మా బావ గట్టు బెత్తెడు తినేస్తున్నానయ్యా. ఆరేళ్ల నుంచి.”

అందరి తలలూ జక్కరయ్య వైపు తిరిగాయి. ఇంక కర్రలు లేస్తాయనుకున్నారు. గట్టంటే మాటలా! కానీ జక్కరయ్య గ్రంథం మెల్లగా మూశాడు. చదివే పీట మీద నుంచి దిగి, సలోమి ఎదురుగా మట్టినేల మీద చతికిలబడ్డాడు.

“నాకే” అన్నాడు. ఆ గొంతు అతనిదేనా అనిపించింది.

“మా ఇంట్లో విత్తనానికి పురుగు పట్టిందయ్యగారూ. ఇంత రైతునై ఉండి, తట్ట పట్టుకుని పేదోళ్ల వరసలో నిలబడాలంటే నామోషీ అయింది. గుమ్మి తాళం నా దగ్గరే ఉండె. కోతలకి మళ్లీ పోసేద్దాంలే అనుకున్నా. బయటపడేసరికి ఏసోబు మీదికి తోద్దామనుకున్నా. మధ్యలో ఈ పిచ్చి తల్లి వచ్చి పలికింది. రెండు వారాలు అక్క పొయ్యి వెలగలా, నా గొంతులో ముద్ద దిగలా. ఆ వాక్యం నా కోసమే వచ్చింది. ఇంకొకరి మీదికి విసరబోయా.” అంటూ రెండు చేతులూ జోడించాడు. ఏడుపాగలేదు, అంత మనిషికీ.

“హమ్మయ్య!” అని సలోమి వదిన గట్టిగా అనేసింది. అంతే, గూడెమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. ఒకామె లేచి “నాకే” అంది. ఇంకొకాయన లేచాడు. ఎవరి మూట వాళ్లు విప్పుకునేసరికి పొద్దు నడినెత్తి దాటిపోయింది. పాదిరిగారు మాత్రం ఒక్కమాటా తీర్పు చెప్పలేదు. “ఇక్కడ నాకు పనేం మిగల్చలేదర్రా మీరు” అని నవ్వి, రొట్టె విరిచారు. మొదటి ముక్క సలోమికి ఇచ్చారు.

బయటికొచ్చేటప్పుడు జక్కరయ్య తానే వంగి చేట తీసి సలోమి చేతికిచ్చాడు.

“అక్కా, రేపు మా ఇంటికి రా. పురుగు పట్టిన జొన్నలున్నాయి, చెరగాలి” అన్నాడు.

సలోమికి ఏడుపులోంచే నవ్వొచ్చింది. తల తేలికైపోయింది, కాళ్లు తేలికైపోయాయి. రెండు వారాల తర్వాత ఆ పూట ఆమె పొయ్యి వెలిగింది.

మూడు తట్టలూ గుమ్మిలోకి తిరిగొచ్చాయి. గట్టు వెనక్కి జరిగింది. తొలకరి పడింది, అందరూ విత్తారు. కోతలొచ్చాయి. సలోమి బెదురుతూనే కళ్లంలోకి అడుగు పెట్టింది. ముందు ఏసోబు వచ్చి, మూడు చేటల గట్టి గింజ తన చేత్తో తాలు మీద పోశాడు. “నువ్విక విసరక్కర్లేదత్తా, మేమే విసురుతాం” అన్నాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ పోశారు. ఈనాటికీ ఆ గూడెంలో తూర్పారబట్టిన మనిషికి మూడు చేటల గట్టి గింజ పోస్తేగానీ రైతు బస్తా కుట్టడు. ఆ వాటాని “సలోమి పాలు” అంటారు.

ఏళ్లు గడిచాయి. పాదిరిగారు పోయారు, కొత్త పాదిరిగారు వచ్చారు. సలోమి పండుటాకై, ఒక తెల్లవారుజామున ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా కన్నుమూసింది. గూడెమంతా సమాధుల తోటకి కదిలింది. సమాధి దగ్గర కొత్త పాదిరిగారు వాక్యం చదివారు. యజమాని తిరిగొచ్చి, నమ్మకంగా పనిచేసిన మనిషిని మెచ్చుకుని, నా సంతోషంలోకి నువ్వూ రమ్మని పిలిచే వాక్యం.

అప్పటికి గూడెంలో అందరికీ అలవాటైపోయింది గదా, వాక్యం అయిపోగానే అందరి చేతులూ గుండెల మీదికి పోయాయి. నోళ్లు తెరిచారు. ఒక్కరికీ మాట రాలేదు. ఎవరి లోపలికి వాళ్లు చూసుకున్నారు, తలలు దించుకున్నారు. అప్పటికి జక్కరయ్యకి చూపు పోయింది. కర్ర ఊతంతో ముందుకొచ్చి, తడుముకుంటూ ఆమె పెట్టె మీద చెయ్యేశాడు.

“ఇది మనకి కాదర్రా. సలోమికే” అన్నాడు.

“సలోమికే” అంది గూడెం.

ఇప్పటికీ అంతే. ఆదివారం వాక్యం వినగానే ముసలాముతకా, పిల్లాజెల్లా గుండె మీద చెయ్యేసుకుని “నాకే” అంటారు. చెప్పుల దగ్గర పంపకాలు లేవు. ఎవరైనా పోయినప్పుడు మాత్రం, సమాధి దగ్గర ఆ పిలుపు వాక్యం చదివాక, పోయిన మనిషిని చూపి “ఈమెకే”, “ఈయనకే” అంటారు. ఆ గూడెంలో తమకి వినపడిన వాక్యాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఆ ఒక్కసారే.