సర్కారు తుమ్మ

ఒక బాట మీద ఒక ఆశీలు గేటు ఉండేది. దాటే ప్రతి బండీ ఆశీలు కట్టాలి. సర్కారు వారి సొత్తుకు మాత్రం మినహాయింపు. దొరలు రాసిన చట్టంలో ఆ ముక్క ఉందని పలక మీద రాసి గేటుకు తగిలించారు.

గేటు బంట్రోతుకు పెళ్ళాం బిడ్డలు లేరు. నడుంపట్టీకి సర్కారు వారి ఇత్తడి బిళ్ళ ఉంది. అది ఉంటే బంట్రోతు, లేకపోతే దారిన పోయే దానయ్య. సర్కారు సొత్తు వచ్చినప్పుడల్లా అడ్డకర్ర ఎత్తి సలాం కొట్టేవాడు. తుపాకీ మందుకు కొట్టాడు. బదిలీ అయిన దొరగారి వెనకాలే వెళ్తున్న ఖాళీ కుర్చీకీ కొట్టాడు. కుర్చీ తిరిగి సలాం చెయ్యలేదని నొచ్చుకోలేదు. చెడ్డవాడు కాడు పాపం, చదివింది ఆ పలక ఒక్కటే.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఒంటెద్దు బండి వచ్చి ఆగింది. బండి నిండా తుమ్మ కట్టెలు, పైన తాటాకు చాప. తోలుతున్నది ఒక ముసలమ్మ.

"ఆశీలు కట్టు."

"సర్కారు సొత్తుకు లేదంటగా బాబూ."

"ఇందులో సర్కారుదేముంది?"

"అంతా సర్కారుదే. ఇది సర్కారు తుమ్మ."

ఆ ముళ్ళ చెట్టు విత్తనాలు ఎక్కణ్ణించో తెచ్చి చల్లించింది దొరలే. అప్పట్నించీ జనం నోట దాని పేరు అదే. బంట్రోతుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

"సర్కారుదైతే నరికినందుకు నువ్వు దొంగవి. నీదైతే ఆశీలు కట్టు. ఏదో ఒకటి తేల్చు."

"ముళ్ళు మా కాళ్ళకీ, పేరు సర్కారుకా నాయనా?" అంది ముసలమ్మ. అంతలోనే గొంతు దిగిపోయింది. "అవతల ఊళ్ళో నా కూతురు నిన్న కన్నది. ఇల్లంతా చెమ్మంట, కుంపట్లోకి నిప్పు లేదంట. పసిగుడ్డు ఒళ్ళు చల్లబడతందని కబురొచ్చింది. నా కాడ కానీ లేదు."

బంట్రోతు పలక వంక చూశాడు. అందులో దొరగారి కుర్చీకి చోటుంది, కుంపటికి లేదు. చినుకులు చాప మీద పడుతున్నాయి. అతను నడుంపట్టీకున్న బిళ్ళ ఊడదీసి ఎద్దు మెడలో కట్టాడు.

"ఇప్పుడిది సర్కారు ఎద్దు. వెళ్ళమ్మా, తొందరగా వెళ్ళు. బిళ్ళ మళ్ళీ తెచ్చివ్వు."

అడ్డకర్ర ఎత్తి ఎద్దుకు సలాం కూడా కొట్టాడు. అలవాటు మరి. ఆ వానలో ముసలమ్మకు మొదటి సగం మాటే వినపడింది.

తనిఖీకి వచ్చిన దొర ఉత్త నడుంపట్టీ చూశాడు. "వచ్చే తనిఖీకి బిళ్ళ ఉండాలి. లేదా నువ్వుండవు" అన్నాడు. బంట్రోతు అటునుంచి వచ్చే ప్రతి బండినీ ఆపి ముసలమ్మ కబురు అడిగాడు. బిళ్ళ కోసమో, బిడ్డ కోసమో అతనికే తెలియదు.

పురిటి ఇరవై ఒకటో రోజు వెళ్ళాక, తనిఖీ దొర గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్న పూటే, ఆ ఒంటెద్దు బండి తిరిగొచ్చింది. ముసలమ్మ పక్కన పచ్చి బాలింత. ఆమె ఒళ్ళో మగబిడ్డ. బిడ్డ మొలతాడుకు బిళ్ళ. చింతపండుతో తోమారేమో, ఇన్నేళ్ళలో అది అంత మెరవడం బంట్రోతు చూడలేదు.

"నువ్విచ్చిన బిళ్ళే నాయనా. చల్లని చేత్తో ఇచ్చావు, బిడ్డ నిలిచాడు" అంది ముసలమ్మ.

బంట్రోతు చెయ్యి మొలతాడు ముడి దాకా వెళ్ళింది. వేళ్ళకు బిడ్డ బొజ్జ వెచ్చగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బిళ్ళ దొరికిందా?" వెనకనుంచి దొర అడిగాడు.

"పోలేదు దొరా. సర్కారు దగ్గరే ఉంది."

అడ్డకర్ర ఎత్తి నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. బండిలోంచి ఒక చిన్న పిడికిలి పైకి లేచింది.

సర్కారు మాట చెవిన పడగానే దొర గబుక్కున కుర్చీలోంచి లేచి, టోపీ సర్దుకుని, ఎవరొస్తున్నారా అని బాట పొడవునా చూశాడు. బండి అప్పటికే గేటు దాటింది.